పూలు పారబోసే ముందు ఒక మాట

బతుకమ్మకు నాలుగు రోజుల ముందు గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూలకు ఉండే ధర వేరు, దసరా దాటిన మర్నాడు పలికే ధర వేరు. చేవెళ్ళ, పరిగి, వికారాబాద్ వైపు నుంచి పూలు వేసుకొని పోయే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. తెంపిన కూలి, ఆటో కిరాయి కూడా ఎల్లవని తేలినప్పుడు పూలను చేన్లోనే దున్నేస్తాం, లేకుంటే రోడ్డు పక్కన కుప్ప పోసి వస్తాం. ఆ కుప్పలో గుడ్డకు పట్టే మంచి పసుపు రంగు ఉంది. దాన్ని కూడా పూలతో పాటే పారబోస్తున్నాం.

బంతి ఒక్కటే కాదు. హోళీ దగ్గర పడేసరికి మన దోమ మండలంలో గట్ల మీద, గుట్టల కింద మోదుగు చెట్లు ఎర్రగా పూస్తాయి. చిన్నప్పుడు ఆ పూలు నానబెట్టి, ఉడకబెట్టి హోళీ ఆడినవాళ్ళం మనం. బస్టాండ్ల దగ్గర జ్యూస్ బండ్ల వెనక దానిమ్మ తొక్కలు కుప్పలుగా పడి ఉంటాయి. హోటళ్ళలో ఉల్లిపొట్టు సంచులకెత్తి చెత్తలో వేస్తారు. తుమ్మ చెక్క, కరక్కాయ, తంగేడు చెక్క ఎక్కడ దొరుకుతాయో మన పెద్దవాళ్ళకు ఇప్పటికీ ఎరుకే. ఇవన్నీ ఒకప్పుడు గుడ్డకు రంగు వేసిన, తోలును పదును పెట్టిన సరుకులే.

ఇప్పుడు పట్నాల్లో ఇలాంటి రంగులు వేసిన బట్టలకు మళ్ళీ గిరాకీ మొదలైంది. దాంతో రెండు రకాల మాటలు ఊర్లకు వస్తున్నాయి. ఒకటి, 'ఇది మన పూర్వీకుల గొప్పతనం, దీన్ని కాపాడాలి' అనే ముచ్చట. వినడానికి బాగుంటుంది గానీ దాంతో పొయ్యి మీద కుండ ఉడకదు. రెండోది, 'నీలి వేయండి, రంగు పంటలు వేయండి, ఎకరానికి ఇంత గ్యారంటీ' అని దళారులు చెప్పే మాట. ఇది మొదటి దానికంటే ప్రమాదం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. రంగు పని మన ఇండ్లలో, మన మహిళా సంఘాల్లో, మనం పారబోసే సరుకుతో మొదలు కావాలి. కొనేవాడు, ధర, రెండూ కాగితం మీదికి రాకుండా రంగు పంట కోసం ఒక్క గుంట భూమి కూడా మార్చవద్దు. ఎందుకు ఇట్లా అంటున్నానో చెబుతాను.

మన పత్తి, వాళ్ళ గుడ్డ

మన జిల్లాలో కంది తర్వాత చెప్పుకోవలసిన పంట పత్తి. ఒక క్వింటాలు పత్తిని జిన్నింగ్ చేస్తే సుమారు 33, 34 కిలోల దూది వస్తుంది. వడకడంలో తరుగు పోయినా, చొక్కాకు పావు కిలో చొప్పున లెక్క వేస్తే దాదాపు వంద చొక్కాల గుడ్డ. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అంటే రైతు చేతికి చొక్కాకు 81 రూపాయలు. అది కూడా తేమ 12 శాతం దాటిందని బండిని తిప్పి పంపకుండా ఉంటే. అదే చొక్కాను మనం దుకాణంలో ఎంత పెట్టి కొంటున్నామో ఎవరి జేబు వాళ్ళకు తెలుసు.

మధ్యలో ఏం జరిగింది? ఎవరో వడికారు, ఎవరో నేశారు, ఎవరో రంగు వేశారు, ఎవరో కుట్టారు. ప్రతి మెట్టు దగ్గర విలువ పెరిగింది, ఏ మెట్టు మీదా మనం లేము. వడకడానికి మిల్లు కావాలి, నేయడానికి మగ్గం, దాన్ని నడిపే నేర్పు కావాలి. రంగు వేయడానికి ఒక పెద్ద గంజు, పొయ్యి, నీళ్ళు, ఓపిక ఉంటే చాలు. రైతు ఇంటికి అందే మెట్టు ఇదొక్కటే. అందుకే దీన్ని చిన్న ముచ్చట అనుకోవద్దు అంటున్నాను.

ఇది జరగని పని కూడా కాదు. 1990లలో అప్పటి ఆదిలాబాద్ జిల్లా చెన్నూరు వైపు నేతన్నలు చెట్ల రంగులను మళ్ళీ పట్టుకున్నారు. పత్తిని బేళ్ళుగా బిగించి దూరపు మిల్లులకు పంపకుండా, దగ్గరలోనే చిన్న యంత్రాల మీద వడికి, మగ్గం మీద నేసి, చెట్ల రంగులు అద్దే 'మల్ఖా' గుడ్డ మన తెలుగు నేల మీదే పుట్టింది. ఉజ్రమ్మ, ఆమెతో పనిచేసినవాళ్ళు ఏండ్ల తరబడి చెప్పింది ఒకటే: పత్తి పండే చోటికి గుడ్డ పని దగ్గర కావాలి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నూలును పదును చేయడానికి వాడేది నువ్వుల నూనె, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద. రెండూ చెలక రైతు దగ్గరి నుంచి వచ్చే సరుకులే.

నీలిమందు చెప్పిన పాఠం

మరి రంగు పంటలే వేస్తే పోదా అని కొందరు అడుగుతారు. రంగు పంటల చరిత్ర రైతు రక్తంతో రాసి ఉంది, ఒకసారి చూడండి.

బీహార్‌లోని చంపారణ్‌లో తెల్ల దొరలు రైతులతో బలవంతంగా నీలి వేయించారు. బిగాకు ఉండే 20 కఠాల్లో 3 కఠాలు నీలి వేసి తీరాలి, అదీ మంచి భూమిలో. దాన్ని 'తీన్ కఠియా' అన్నారు. ధర దొరే చెబుతాడు, తూకం దొరే వేస్తాడు. ఇంతలో 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలిరంగును మార్కెట్లోకి దించింది. చెట్టు నీలి ధర కుప్పకూలింది. దొరలు ఏం చేశారు? 'ఇక మీరు నీలి వేయనక్కర లేదు, దానికి బదులు కౌలు పెంచి కట్టండి, లేదా ఒక్కసారే ఇంత సొమ్ము చెల్లించండి' అన్నారు. ధర ఉన్నప్పుడు లాభం దొరది, ధర పడినప్పుడు నష్టం రైతుది. రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు వెంటపడి గాంధీని రప్పించడం, 1917లో చంపారణ్ ఉద్యమం, 1918లో చట్టం వచ్చి తీన్ కఠియా రద్దు కావడం మనం బడిలో చదువుకున్నాం. అది స్వాతంత్ర్యోద్యమ పాఠంగా చెప్పారు. అది ఒప్పంద సాగు పాఠం కూడా.

తెలుగు నేల మీదా నీలి పండింది. కడప, నెల్లూరు, కర్నూలు వైపు నీలిమందు పెద్ద ఎగుమతి సరుకు. ఫ్యాక్టరీ రంగు వచ్చాక ఆ సాగు, ఆ తొట్లు పాడుబడ్డాయి. అంతకుముందే 1869లో ఎర్ర రంగుకు అలిజరిన్ ఫ్యాక్టరీలో తయారైంది. మచిలీపట్నం అద్దకానికి పేరు తెచ్చిన చిరివేరును తవ్వేవాళ్ళ బతుకులు దానితో దెబ్బతిన్నాయి. చెట్టును నమ్ముకున్న రంగు ఎక్కడో వేల మైళ్ళ దూరంలో జరిగిన ఒక ప్రయోగంతో విలువ లేనిది కావచ్చు. ఈ ముప్పు ఈనాడూ పోలేదు.

అంత దూరం ఎందుకు? మా దిక్కు ఇంతకుముందు ఔషధ మొక్కలు వేయించిన కంపెనీ ఒకటి మొక్కలు అమ్ముకొని సొమ్ము చేసుకుంది. పంట కోతకు వచ్చేనాటికి ఫోన్ ఎత్తలేదు. పక్క చేను రైతు ఆ ఆకును చివరికి ట్రాక్టరుతో దున్నించాడు. మొక్క అమ్మేవాడే పంట కొంటానంటే, ముందు వాడి లాభం ఎక్కడుందో చూడాలి.

రంగు నీళ్ళు ఎటు పోతాయి

ఇంకో వైపు కూడా చూడాలి. తక్కువ ధరకు దొరికే రంగు గుడ్డకు కట్టే అసలు ధర ఎవరు కడుతున్నారు? తమిళనాడులో తిరుప్పూరు బనియన్లకు, టీ షర్టులకు ప్రసిద్ధి. అక్కడి డైయింగ్ యూనిట్ల నీళ్ళు నొయ్యల్ నదిలో కలిశాయి. వేల ఎకరాలకు నీళ్ళిస్తుందని కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ రంగు నీళ్ళ చెరువు అయింది. ఆ నీళ్ళు మా పొలాలకు వదలవద్దని ఆయకట్టు రైతులే మొత్తుకున్నారు. నీళ్ళ కోసం కొట్లాడే రైతు నీళ్ళు వద్దని కొట్లాడవలసి వచ్చింది. రైతు సంఘాలు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ యూనిట్లను మూసేయమన్నది. అప్పుడు వేల మంది కార్మికులు రోడ్డున పడ్డారు. రైతూ నష్టపోయాడు, కూలీ నష్టపోయాడు. చవక గుడ్డ తొడుక్కున్నవాళ్ళకు మాత్రం ఈ సంగతే తెలియదు.

2024లో మన పొరుగున లగచర్ల రైతులు ఫార్మా కంపెనీలకు భూములు ఇయ్యమని ఎదురు తిరిగినప్పుడు భూమి పోతుందన్న బాధతో పాటు నీళ్ళు, గాలి చెడిపోతాయన్న భయమూ ఉంది. మూసీ నది మన అనంతగిరి గుట్టల్లోనే పుడుతుంది. పుట్టినకాడ తేటగా ఉన్న నీళ్ళు హైదరాబాద్ దాటేసరికి ఏమవుతాయో నల్గొండ రైతును అడగండి.

కొన్ని రసాయన రంగులు ఒంటికి కూడా మంచివి కావు. క్యాన్సర్ కలిగించే పదార్థాలు విడుదల చేస్తాయని మన దేశంలోనే 1990లలో 112 రంగులను నిషేధించారు. అయితే ఒక మాట. 'సహజం' అన్న ముద్ర ఉన్నదంతా మంచిదనుకోవడం కూడా పొరపాటే. చెట్టు రంగు గట్టిపడాలని కొందరు మైలుతుత్తం, క్రోమియం ఉప్పులు వాడుతారు. అవి విషం. వాటి జోలికి పోవద్దు. పటిక, కరక్కాయ, కొంచెం ఇనుము, ఈ మూడింటితోనే మన పని జరుగుతుంది.

ఇంట్లో చేసే తీరు

ఊరికే చెప్పి వదిలేయకుండా, పని ఎట్లా చేయాలో కూడా రాస్తున్నాను. ఇది కిలో నూలు గుడ్డకు లెక్క, అంటే సుమారు రెండు చీరలు. ఒక సంగతి ముందే గుర్తుంచుకోండి: పాలిస్టరు, టెరికాట్ గుడ్డకు ఈ రంగులు పట్టవు. నూలు గుడ్డే కావాలి.

మొదట గుడ్డకున్న గంజి పోవాలి. రాత్రంతా నానబెట్టి, 25, 30 గ్రాముల బట్టల సోడా వేసిన నీళ్ళలో గంటసేపు ఉడకబెట్టి, మంచి నీళ్ళతో జాడించాలి. గంజి ఉన్న గుడ్డకు రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

తర్వాత కరక్కాయ. గింజ తీసేసి పైబెరడు దంచిన పొడి 200 గ్రాములు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, గుడ్డను అందులో రాత్రంతా ఉంచాలి. తెల్లారి పిండి, జాడించకుండా ఎండలో ఆరేయాలి. గుడ్డ లేత పసుపు వన్నెకు వస్తుంది. నూలుకు రంగు తనంతట తాను పట్టదు, ఈ వగరు దాన్ని పట్టి ఉంచుతుంది. మూడోది పటిక. 150 గ్రాములు వేడి నీళ్ళలో కరిగించి, చల్లారాక గుడ్డను ముంచి ఒక పూట ఉంచి, పిండి ఆరేయాలి. చాలామంది ఈ రెండు పనులు చేయకుండా నేరుగా పూల నీళ్ళలో ముంచి, ఒక్క ఉతుకుకే రంగు పోయిందని విసుగుపడతారు.

ఇక రంగు. ఎండిన బంతిపూల రెక్కలు కిలో, పచ్చివైతే మూడు నాలుగు కిలోలు గంటసేపు ఉడకబెట్టి వడకట్టాలి. ఆ నీళ్ళలో గుడ్డను వేసి, తెర్లకుండా సన్న మంట మీద ఒక గంట కట్టెతో తిప్పుతూ ఉండాలి. తిప్పకుంటే ఒకచోట ముదురు, ఒకచోట లేత అవుతుంది. పొయ్యి ఆర్పి ఆ నీళ్ళలోనే తెల్లారేదాకా ఉంచి, నీడలో ఆరేయాలి. రెండు మూడు రోజులు ఆగి కుంకుడుకాయ రసంతో ఉతకాలి. మొదటిసారి కొంత రంగు దిగుతుంది, భయపడవద్దు.

బంతి నిండు పసుపు ఇస్తుంది. మోదుగు పువ్వు నారింజ కలిసిన పసుపు ఇస్తుంది గానీ ఎండకు త్వరగా వెలుస్తుంది. ఉల్లిపొట్టు తేనె రంగు, తుమ్మ చెక్క గోధుమ రంగు. దానిమ్మ తొక్కది ముదురు పసుపు, అన్నిటిలోకి నమ్మకంగా నిలిచే వాటిల్లో ఒకటి. మన పసుపు కొమ్ము రంగు చూడ ముచ్చటగా ఉంటుంది, కానీ ఎండలో నాలుగు రోజులు ఆరేస్తే పోతుంది. అమ్మే గుడ్డకు దాన్ని వాడితే మన పేరే పోతుంది.

నలుపుకు ఇనుప నీళ్ళు. తుప్పు పట్టిన మేకులు, విరిగిన కొడవలి ముక్కలు, బెల్లం, నీళ్ళు ఒక కుండలో వేసి పదిహేను, ఇరవై రోజులు పులియబెడితే తయారవుతుంది. కలంకారీ పనివాళ్ళ నల్ల గీత ఈ తీరుగా వచ్చేదే. కరక్కాయ పట్టిన గుడ్డను ఇందులో ముంచితే బూడిద రంగు నుంచి నలుపు దాకా వస్తుంది. అతిగా ముంచితే గుడ్డ చివికిపోతుంది. నీలిరంగు మాత్రం ఇట్లా ఉడకబెడితే వచ్చేది కాదు. దానికి సున్నం, తగిరిస గింజలతో తొట్టి పులియబెట్టాలి, చేయి తిరిగినవాళ్ళ దగ్గర నేర్చుకోవాలి.

రంగు గంజులో మళ్ళీ వంట చేయవద్దు. పటిక నీళ్ళు, ఇనుప నీళ్ళు బాయి దగ్గర, పశువుల తొట్టి దగ్గర పోయవద్దు. ఉడికిన పూలు, తొక్కలు పెంటకుప్పలో వేస్తే ఎరువు అవుతాయి.

ఆడవాళ్ళ కూలి లెక్కలోకి రావాలి

ఈ పని చేసేది ఎవరు? నిజం మాట్లాడుకుంటే ఎక్కువగా ఆడవాళ్ళే. కిలో గుడ్డకు నాలుగైదు రోజుల్లో పూటకింత చొప్పున పని పడుతుంది. నీళ్ళు మోయాలి, కట్టెలు తేవాలి, పొగలో నిలబడాలి. 'ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటారు' అనే మాట నాకు నచ్చదు. కలుపు తీసి, బర్రెలు పిండి, వంట చేసే మనిషికి ఖాళీ ఎక్కడిది? గుడ్డ ధర కట్టేటప్పుడు ఉపాధి కూలికి తగ్గకుండా పని గంటలు కలపాలి. కూలి కలపకుండా ఇంత లాభం అని చూపించేవాడు మన ఆడవాళ్ళ శ్రమను ఉచితంగా అమ్ముకుంటున్నాడని అర్థం.

ఆ లెక్క వేస్తే ఈ గుడ్డ బజారు గుడ్డ కంటే ప్రియం అవుతుంది. అవుతుందని ఒప్పుకుందాం. దీంతో అందరి ఒంటి మీది గుడ్డ మారిపోతుందని నేను అనడం లేదు. ఇంట్లో వెలిసిపోయిన తెల్ల ధోతికి, పాత నూలు చీరకు, పసిపిల్లల పొత్తిగుడ్డలకు మళ్ళీ వన్నె తెచ్చుకోవడం మొదటి మెట్టు. ఇందులో నష్టం లేదు, నేర్పు వస్తుంది. చేయి కుదిరాక ఒక సంఘం నూలు లడీలకు రంగు వేయడం రెండో మెట్టు. మనకు పక్కనే నారాయణపేట, కోస్గి మగ్గాలున్నాయి. అక్కడి నేతన్నలూ మన లాంటి కష్టంలోనే ఉన్నారు. ఎండబెట్టిన బంతి రెక్కలు, దంచిన దానిమ్మ తొక్క కిలోల లెక్కన అమ్మడం మూడో మెట్టు. మూడు మెట్లు ఎక్కాక, అడిగేవాడు మన గుమ్మంలోకి వచ్చి బయానా ఇచ్చాక, అప్పుడు భూమి సంగతి ఆలోచిద్దాం.

'మద్దతు ధర, కౌలు రైతుల గుర్తింపు, పంటల బీమా లాంటి పెద్ద కొట్లాటలుండగా ఈ రంగుల ముచ్చటేంది అన్నా?' అని మన సంఘం తమ్ముళ్ళే అడిగారు. ఆ కొట్లాటలు ఆగవు, ఆగొద్దు కూడా. కానీ పంట అమ్ముకొనే బజారులో మన మాట చెల్లాలంటే, పంటను ఇంకో రూపంలోకి మార్చే నేర్పు మన చేతిలో ఉండాలి. పూలు పారబోయడం తప్ప దిక్కు లేనివాడు చెప్పిన ధరకే తలూపుతాడు. ఎండబెట్టి పెట్టుకోగలిగినవాడు రెండు రోజులు ఆగగలడు.

సంఘం చేయవలసినవి

కంది కోతలు అయ్యాక మోదుగు పూతకు వచ్చే కాలం మనకు కాస్త తీరిక కాలం. ఆ నెలల్లో మండలానికి ఒక ఊరు, ఒక తండా ఎంచుకొని నేర్చుకొనే పని పెట్టాలి. హైదరాబాద్ సైఫాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం హోంసైన్స్ కాలేజీ చెట్ల రంగుల మీద చాలా ఏండ్లు పని చేసింది, హోళీ రంగులూ తయారు చేసింది. ఆ చదువు మన ఊర్లకు రావాలని సంఘం తరఫున అడగాలి. ప్రజల సొమ్ముతో జరిగిన పని అది, అడగడం మన హక్కు.

అటవీ హక్కుల చట్టం 2006 చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద అడవిలో బతికేవాళ్ళకు హక్కు ఇచ్చింది. 2013-14లో కేంద్రం మొదలుపెట్టిన మద్దతు ధర పథకం జాబితాలో కరక్కాయ ఉంది. కాగితం మీది ఆ ధర మన తండాల అక్కచెల్లెళ్ళకూ అందేలా కొనుగోలు పెట్టమని డిమాండ్ చేయాలి. ఏరేటప్పుడు కొమ్మలు నరకవద్దని, చెక్క కోసం చెట్టు చుట్టూ బెరడు తీయవద్దని మనమే కట్టుబాటు పెట్టుకోవాలి. రాలిన పువ్వు మనది, చెట్టు పిల్లలది.

రాష్ట్ర చేనేత సహకార సంస్థ దుకాణాల్లో ఇట్లాంటి గుడ్డకు ఒక అర కేటాయించి, సంఘాల దగ్గర నేరుగా కొనమని అడగాలి. రంగు పంట వేయమని వచ్చే ప్రతి కంపెనీ ఒప్పందాన్ని రైతు సంతకం పెట్టే ముందు సంఘం చూడాలి. ధర, తూకం, కొనే తేదీ, కొనకపోతే ఇచ్చే పరిహారం, ఈ నాలుగూ తెలుగులో రాసి లేని కాగితం మీద ఎవరూ సంతకం చేయవద్దు.

వచ్చే దసరాకు బంతి వేసే రైతులు ఇప్పటి నుంచే ఒక పని చేయండి. పండుగ అయ్యాక మిగిలిన పూలలో ఒక్క బస్తా అయినా నీడన ఆరబెట్టి ఉంచండి. తేమ లేకుండా కట్టి పెడితే నెలల తరబడి ఉంటాయి. మీ ఊర్లో ఎన్ని బస్తాలయ్యాయో సంఘం కార్యకర్తకు చెప్పండి. కొనేవాళ్ళతో మాట్లాడడానికి కూర్చున్నప్పుడు మన చేతిలో ఉండవలసిన మొదటి లెక్క అదే.